గాలం ప్రాజెక్టు: కార్తీకం నుంచి సంక్రాంతి సెలవుల దాకా

నవంబరు 9, ఆదివారం

ఇంట్లో కార్తీకం నడుస్తోంది. చేప వండేది లేదు, తినేది లేదు. అందుకేనేమో మూడు రోజులుగా చేపల మాటే. మా పాపకు పదకొండేళ్ళు. హైదరాబాదు రామ్‌నగర్ మార్కెట్‌లో ఐసు మీద పడుకున్న చేపల్ని తప్ప ఇంకో చేపను చూడలేదు. బాబుకు ఆరేళ్ళు, వాడి దృష్టిలో చేపంటే కంచంలో ముక్క. సంక్రాంతి సెలవుల్లో తాతయ్య ఊళ్ళో చేపలు పడదామని నోరు జారాను. సాయంత్రానికల్లా గోడ మీది క్యాలెండర్‌లో చేప బొమ్మ పడింది. ఇక తప్పదు.

చిక్కేమిటంటే నాకు గాలం వేయడం రాదు. చెరువు కట్ట పక్కనే పెరిగినా రాదు. నాన్న అన్నయ్యను తీసుకెళ్ళేవాడు. ఎరకు ఎర్రలు, అంటే వానపాములు, తవ్విపెట్టడం వరకే నా వంతు. మా ఆయనది నగరంలో పుట్టిన ప్రాణం, ఈత కూడా రాదు. అందుకే ఏం చేశానో, ఏం చెడగొట్టానో మరిచిపోకుండా ఈ డైరీ.

లక్ష్యాలు మూడే. పిల్లలిద్దరూ చెరో చేప పట్టాలి. ఎవరూ నీళ్ళలో పడకూడదు. ఖర్చు ఐదు వేలు దాటకూడదు.

నవంబరు 23, ఆదివారం

కార్తీకం వెళ్ళిన తొలి ఆదివారం. స్థలం చూద్దామని నాగార్జునసాగర్ వెనుక జలాల దగ్గరికి వెళ్ళాం. దేవరకొండ దాటి వైజాగ్ కాలనీ, హైదరాబాదు నుంచి వంద కిలోమీటర్ల పైనే. సాగర్ కట్టేటప్పుడు విశాఖ వైపు నుంచి వచ్చిన మత్స్యకారులు స్థిరపడిన ఊరు, పేరు అందుకే. చేపల వేపుడు తినడానికి వచ్చిన జనం ఇసకేస్తే రాలనంత. నెల రోజుల ఉపవాసం అందరి మొహాల్లోనూ కనిపించింది, మా మొహాలతో సహా.

వేపుడుకు వంక పెట్టలేను గానీ గాలానికి ఆ చోటు మాకు కుదరదు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. యాసంగికి కాలువల్లోకి నీళ్ళు వదిలేకొద్దీ అంచు వెనక్కి జరుగుతుంది. జరిగిన మేరా బురద మిగులుతుంది. పైన ఎండి పెచ్చు కట్టి గట్టి నేలలా కనిపిస్తుంది, అడుగు వేస్తే పిక్క దాకా దిగుతుంది. బాబు చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. రాళ్ళున్న చోటేమో రెండడుగులకే లోతు. పడవ మాట్లాడుకోవచ్చన్నారు. ఆరేళ్ళ వాడిని మూడు గంటలు పడవలో కూర్చోబెట్టడం నా వల్ల కాదు.

సాగర్ ప్లాన్ రద్దు. చెప్పు ఖర్చు 150, వేపుడు ఖర్చు రాయను.

నవంబరు 30, ఆదివారం

నాన్నకు ఫోన్ చేశాను. మా ఊరు మిర్యాలగూడ దాటాక, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో. మా చెరువులోనే వేద్దామంటే నాన్న ఒక్క క్షణం ఆగి, "చెరువు మనది కాదు బిడ్డా, సంఘపోళ్ళది. కాకను అడగాలె" అన్నాడు.

ఇది నా లెక్కలో లేదు. చెరువులో చేపల హక్కు ఊరి మత్స్య సహకార సంఘానిది. చిన్నప్పుడు గాలం వేసుకునే పిల్లల్ని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు గనుక ఆ సంగతే తోచలేదు. కాక అంటే సంఘం పెద్ద, నాన్న చిన్ననాటి దోస్తు. నాన్న ఫోన్ ఆయన చేతికిచ్చాడు. విషయమంతా విని కాక తేల్చింది ఇదీ:

"బొచ్చె, రవ్వ, బంగారు తీగ మేం పోసిన పిల్లలు. వానకాలంల పోసినం, ఇంకా చెయ్యెడు కూడా లేవు. ఎండకాలం వల గుంజేదాక వాటిని ముట్టొద్దు. గాలానికి పడితే బతికున్నదాన్ని బతికున్నట్టే ఇడిచిపెట్టాలె. పరకలు, జిలేబీలు ఎన్నన్నా పట్టుకపో. జిలేబీల పీడ ఇరగడైతే నేనే నీకు చాయ్ తాగిస్త."

పరకలంటే వెండిరంగు చిన్న చేపలు. జిలేబీ అంటే తిలాపియా. ఆఫ్రికా చేప, 1952లో మన దేశానికి తెచ్చారు. ఆడచేప గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. పిల్లలయ్యాక కూడా బెదురు వస్తే మళ్ళీ తల్లి నోట్లోకే దూరతాయి. అలా పెంచితే చాలా వరకు బతుకుతాయి, అందుకే చెరువు నిండిపోతుంది. సంఘం పోసిన పిల్లల మేతను ఇవి తినేస్తాయని కాకకు కోపం.

అంటే నేను రాసుకున్న 'పెద్ద చేపల' జాబితా మొత్తం కొట్టేయాలి. కొట్టేశాక నాకే నయమనిపించింది. అరకిలో కూడా లేని చేపకైతే లావు తంగూసు (గాలానికి కట్టే నైలాన్ దారం) వద్దు, రీలు వద్దు, బలమైన కర్ర వద్దు. పిల్లల చేతికి సరిపోయే సరంజామా చాలు.

డిసెంబరు 7, ఆదివారం

ఈ బుద్ధి పది రోజుల ముందు రావాల్సింది. అప్పటికే ఆన్‌లైన్‌లో ఒక రీలు కర్ర సెట్టు తెప్పించాను, 1,450 రూపాయలు. విప్పి పిడి తిప్పితే నాలుగో చుట్టుకే పట్టేసింది. వాపసు గడువు ముందు రోజే అయిపోయింది. అటక మీద పెట్టాను.

ఈ రోజు కొన్నవి: సన్న తంగూసు 0.20 మిల్లీమీటర్లది ఒక చుట్ట, 10, 12 నంబర్ల గాలాలు, సీసం గుళ్ళు. గాలాల నంబరు తిరకాసుది. అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. చిన్నవి కావాలని 4 నంబరు తెస్తే అది పరక తల కంటే పెద్దది.

ముడి నేర్చుకోవడానికి గంటన్నర పట్టింది. తంగూసు కొసను గాలం చెవిలోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదు మెలికలు తిప్పి, చెవి పక్కన మిగిలిన సందులోంచి కొసను వెనక్కి తేవాలి. తెచ్చాక ఉమ్ముతో తడిపి మెల్లగా బిగించాలి. తడపకుండా లాగితే ఆ రాపిడికే తంగూసు బలం పోతుంది, సరిగ్గా ముడి దగ్గరే తెగుతుంది. మొదటి ఆరు ముడులూ నేను తడపలేదు. ఆరూ తెగాయి.

వీడియో కాల్‌లో నాన్నకు చూపిస్తే ఆయన గాలాలు ఆయన చూపించాడు. వాటికి చెవే లేదు. తోకను పలచగా సాగగొట్టి వదిలేశారు, అంతే. దారాన్ని తోక వెంబడి మడిచి, ఆ మడత మీదుగానే ఏడు చుట్లు చుట్టి, కొసను మడతలోంచి దూర్చి లాగాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీద ఉన్నాయి, ముడి పది సెకన్లలో అయిపోయింది.

బెండ్లు, అంటే నీళ్ళ మీద తేలుతూ చేప లాగితే తెలిపేవి, కొనలేదు. బాబు పాత హవాయి చెప్పు ఉంది కదా, జత సాగర్ బురదలో పోయిన ఒంటి చెప్పు. దాన్ని బ్లేడుతో వేలెడు ముక్కలు కోసి, కాల్చిన సూదితో బెజ్జం పెట్టాను. ఎర్రటి బెండ్లు ఆరు వచ్చాయి. బకెట్ నీళ్ళలో వేసి చూస్తే సరిగ్గా నిలబడడానికి రెండు సీసం గుళ్ళు పట్టాయి. గోరంత పైన కనిపించాలి, మిగతాది మునగాలి. అంతకంటే తేలితే చేప లాగినప్పుడు బరువు తెలిసి ఎర వదిలేస్తుందట.

డిసెంబరు 14, ఆదివారం

డాబా మీద సాధన. కర్రలు ఇంకా లేవు గనుక బూజుకర్రలకే దారం కట్టాం. ఎనిమిదడుగుల దూరంలో బకెట్, గాలం అందులో పడాలి. పాప మూడో ప్రయత్నంలోనే వేసింది. నాలుగోసారి గాలం వెనక్కి వెళ్ళి, ఆరేసి ఉన్న పక్కింటి ఆంటీ చున్నీని పట్టుకుంది. మొన పక్కనున్న ఎదురు ముల్లు వల్ల గాలం వెనక్కి రాదు, ముందుకు గుచ్చి తీయాలి. తీశాను. చున్నీకి రెండు బెజ్జాలు. ఆంటీ ఏమీ అనలేదు, కానీ చేపలు తెస్తే తనకూ కావాలంది.

చున్నీ గతే చేప నోటికీ, బాబు వేలికీ పడుతుందని అప్పుడు తట్టింది. రాత్రి కూర్చుని కటింగ్ ప్లయర్‌తో ఒక్కో గాలం ఎదురు ముల్లునూ నొక్కేశాను. మరీ గట్టిగా నొక్కితే మొనే విరుగుతుంది. ఇరవైలో మూడు విరిగాయి. దూదిలో గుచ్చి లాగి చూశాను. పోగు కూడా అంటకుండా వస్తే నున్నగా అయినట్టు. కొన్ని చేపలు జారిపోతాయి, పోనీ. కాక వాళ్ళు పోసిన చేపపిల్లల్ని బతికుండగా వదలాలంటే వేరే దారి లేదు.

డిసెంబరు 21, ఆదివారం

నేనొక్కదాన్నే ఊరెళ్ళొచ్చాను. చీకట్లోనే బయలుదేరి తప్పు చేశాను. నార్కట్‌పల్లి నుంచి మంచు, ముందున్న లారీ ఎర్రలైటు తప్ప ఏమీ కనిపించలేదు. పిల్లలతో వచ్చేటప్పుడు ఎండ వచ్చాకే బండి కదలాలి.

నాన్న వెదురు బొంగులు నాలుగు కొట్టించి, పది రోజులు నీడన ఆరబెట్టాడు. వంకరున్న కణుపు దగ్గర మంట మీద తిప్పుతూ, తడిగుడ్డతో పట్టి, మోకాలికి ఆనించి నొక్కుతాడు. వెదురు వేడికి చెమట పట్టినట్టు మెరుస్తుంది, అప్పుడే వంగుతుంది. పెద్దవాళ్ళకు తొమ్మిది అడుగులు, పాపకు ఏడు, బాబుకు ఐదు. దారం సరిగ్గా కర్రంత పొడవే. అప్పుడు కర్ర పైకెత్తితే గాలం నేరుగా చేతికే వస్తుంది, తలల మీదుగా తిరగదు.

చెరువు దగ్గర నా పని వేరే. అక్వేరియం థర్మామీటరు, 120 రూపాయలది, తాడు కట్టి దించాను. ఉదయం ఏడింటికి ఒడ్డున 19 డిగ్రీలు. పన్నెండున్నరకు అదే చోట 23. చేపది మన వంటి వెచ్చని రక్తం కాదు, నీళ్ళు చల్లబడితే దాని ఒళ్ళూ చల్లబడుతుంది, అరుగుదల తగ్గుతుంది, ఆకలి చస్తుంది. జిలేబీ వేడి దేశపు చేప గనుక దానికి ఇంకా ఎక్కువ. ఎండాకాలమైతే తెల్లవారుజామున పడతాయి. ఈ కాలంలో పదకొండు నుంచి మూడు దాకానే మన టైము. పిల్లల్ని నాలుగింటికి లేపి కూర్చోబెట్టాలన్న నా పట్టిక మొత్తం చించేశాను. మా ఆయన ఈ ప్రాజెక్టులో తొలిసారి సంతోషించాడు.

ఎక్కడ కూర్చోవాలన్న దానికి మాత్రం ఇంట్లో పెద్ద రగడ. నాన్న తూము దగ్గరే అంటాడు. ఆయన యాభై ఏళ్ళ కింద కొర్రమట్ట పట్టింది అక్కడే. తూము దగ్గర లోతు, రాతికట్టు మీద పాచి, పైగా నీళ్ళు వదిలితే లాగుడు ఉంటుంది. నేను ఒప్పుకోలేదు. అయితే మత్తడి (అలుగు) వైపు అన్నాడు. అక్కడ తుంగ, గాలం చిక్కుకుంటుంది.

అమ్మ బియ్యం చెరుగుతూ అంతా వింటోంది. చివరికి, "పాత రేవు కాడ ఎయ్యుండ్రి" అంది. నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"నేనొచ్చిన కొత్తల బోళ్ళన్నీ ఆడనే తోమేది. చెయ్యి నీళ్ళల పెడితే పరకలొచ్చి ఏళ్ళు కొరికేటివి. అన్నం మెతుకు కోసం. మీ నాయన తూము కాడ పొద్దంతా కూసుండి ఉత్త చేతులతో వస్తుంటే చూస్త ఉండేదాన్ని."

మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమంటే, ఎవరూ అడగలేదంది. బతుకమ్మకు తప్ప చెరువు దగ్గరికి పోక ఎన్నో ఏళ్ళయింది ఆమెకు.

వెళ్ళి చూశాను. బోళ్ళు తోమేవాళ్ళు ఇప్పుడు లేరు. వెడల్పాటి బండరాళ్ళు నాలుగు మాత్రం అలాగే ఉన్నాయి. ముందు మోకాలి లోతు, కర్రతో పొడిచి చూస్తే పదడుగుల దాకా గట్టి మొరం నేల. మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది, లోతు తక్కువ గనుక ముందు వేడెక్కేదీ అదే. జేబులో బిస్కెట్ ఉంటే నలిపి వేశాను. అర నిమిషం ఏమీ లేదు. తర్వాత నీళ్ళ కింద వెండి గీతలు.

స్థలం ఖరారు.

జనవరి 4, ఆదివారం

లైఫ్ జాకెట్లు. పిల్లలకు రెండూ, మా ఆయనకు ఒకటీ చెప్పాను. మోకాలి లోతుకు ఎందుకని అన్నయ్య ఎగతాళి చేశాడు. పాచి మీద కాలు జారిన ఆరేళ్ళ వాడికి మోకాలి లోతైనా చెరువే. పాప సైజు సరిగ్గానే వచ్చింది. బాబుది బొజ్జ దగ్గర వదులు, పట్టీ కుట్టించాను. మా ఆయనకని చెప్పింది మాత్రం రెండు సైజులు పెద్దది వచ్చింది. ఆయన వేసుకుంటే చేతులు కిందికి దిగడం లేదు. మార్చి ఇస్తామని చెప్పిన దుకాణం వాళ్ళు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. 850 బూడిదలో పోసిన పన్నీరు. ఆయన బండ మీద కూర్చుంటానని, నీళ్ళలో దిగనని మాటిచ్చాడు.

ఖర్చు 5,600 దాటింది. మూడో లక్ష్యం గంగపాలు.

మిగతా ఏర్పాట్లు. చేపలు పడకపోతే కోడిగుడ్ల పులుసు, అమ్మకు చెప్పేశాను. ఎర్రలు నాన్న బాధ్యత. చలికి అవి లోపలికి దిగిపోతాయి గనుక బోరింగు కాలువ పక్కన, అరటి మొదట్లో తవ్వాలి, ఆ మట్టితోనే కుండలో వేసి తడి గోనెపట్టా కప్పాలి. ఎర్రను ముట్టుకోలేని వాళ్ళ కోసం, అంటే మా ఆయన కోసం, గోధుమపిండి ముద్ద. వెల్లుల్లి నూరి కలిపాను, గాలం మీంచి చెదరకుండా కాస్త గట్టిగా. జెల్ల పడితే పిల్లలు ముట్టుకోకూడదు, వీపు మీదా రెక్కల దగ్గరా ముళ్ళుంటాయి, గుచ్చుకుంటే మంట. ఒంటి మీద ఎర్రటి పుండ్లున్న చేప వస్తే వంటకు వద్దు. చలికాలంలో నీళ్ళు చల్లబడినప్పుడే ఆ తెగులు వస్తుంది, కొర్రమట్టలకు మరీ.

రోజు కూడా కుదరాలి. శనివారం ప్రయాణం. సోమవారం అమ్మ నీచు తినదు. తర్వాత భోగి పనులు. కాబట్టి 11, ఆదివారమే.

జనవరి 11, ఆదివారం

పదిన్నరకు రేవు చేరాం. నీళ్ళు 20 డిగ్రీలు. అమ్మ ఇంటి దగ్గరే తవుడు, రాత్రి అన్నం, పల్లి చెక్క కలిపి ముద్దలు చేసుకొచ్చింది. నాలుగు ముద్దలు నీళ్ళలోకి విసిరి, ఇక ఊరుకోమంది. నాన్న మాట వినలేదు, తన తొమ్మిదడుగుల కర్ర తీసుకుని తూము వైపు పోయాడు.

పదకొండున్నర దాకా ఒక్క బెండు కదల్లేదు. బాబు పన్నెండు సార్లు గాలం తీసి చూశాడు. ఎర్ర తడిసి తెల్లబడింది, అంతే. మా ఆయన ఫోన్ తీశాడు. నాకు కోడిగుడ్ల పులుసు కళ్ళ ముందు కదిలింది.

పన్నెండుకు ఎండ బండల మీదికి పూర్తిగా వచ్చింది. అప్పుడు పాప బెండు వణికింది. మునగలేదు, వణికింది, ఆగింది, మళ్ళీ వణికింది. పాప లేపబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "నడవనియ్యి." ఎర్రటి చెప్పుముక్క పక్కకు జరగడం మొదలుపెట్టింది, నీళ్ళ మీద ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు. "ఇప్పుడు." కర్ర లేచింది. అరచెయ్యంత జిలేబీ ఎండలో గిరగిరా తిరుగుతూ నేరుగా పాప ఒళ్ళో పడింది. పాప కేకకు కొంగలు లేచాయి.

ఆ తర్వాత రెండు గంటలు ఊపిరాడలేదు. నా పని ఎర్రలు గుచ్చడం, గాలాలు తీయడం, చిక్కులు విప్పడం. నేను గాలం వేసింది రెండేసార్లు, రెండూ ఖాళీ. మూడింటికి లెక్క: జిలేబీలు పదిహేడు, పరకలు తొమ్మిది. బాబు పట్టినవి అందులో నాలుగు. రవ్వ పిల్లలు రెండు పడ్డాయి. ముల్లు లేని గాలం ఇట్టే వచ్చేసింది, తడి చేత్తో పట్టి వదిలాం. బాబు రెండింటికీ టాటా చెప్పాడు. ఒక జెల్ల ఒడ్డు దాకా వచ్చి తంగూసు తెంపుకుని పోయింది. ఆ ముడి నాదే. మా ఆయన వెల్లుల్లి ముద్దకు సున్నా.

ఒంటిగంటన్నరకు నాన్న తూము వైపు నుంచి వచ్చాడు. బుట్ట ఖాళీ. ఏమీ మాట్లాడకుండా అమ్మ పక్క బండ మీద కూర్చుని దారం విప్పాడు. అమ్మ కూడా ఏమీ అనలేదు, ఒక తవుడు ముద్ద ఆయన బెండు ముందు విసిరింది.

చీకటి పడేవేళకు వాకిట్లో అమ్మ పరకల్ని ఉప్పు, బూడిద వేసి గరుకు రాయి మీద రుద్ది కడిగింది. అవి పులుసుకు. జిలేబీలకు గాట్లు పెట్టి వేపుడు. బాబు తన నాలుగు చేపలకూ తోక కొస కత్తిరించి గుర్తు పెట్టుకున్నాడు, వేరేవాళ్ళ కంచంలో పడకుండా. పక్కింటి ఆంటీ వాటా ఉప్పు పట్టించి డబ్బాలో పెట్టాను.

కాక వచ్చాడు. బకెట్‌లోకి చూసి, జిలేబీలు లెక్కపెట్టి, "గింతేనా, ఇంకా వేలున్నయ్" అన్నాడు. చాయ్ మాత్రం ఆయనే చెప్పాడు. తాగుతూ దండెం మీద ఆరేసిన లైఫ్ జాకెట్ల వంక చూశాడు. అరవై దాటిన మనిషి, థర్మాకోల్ తెప్ప మీద రోజూ చెరువు నడిమికి పోయి వస్తాడు, ఒంటి మీద తువ్వాల తప్ప ఏమీ ఉండదు. "ఎంత పడ్డది బిడ్డా?" అన్నాడు. కారులోంచి ఆ పెద్ద జాకెట్ తెచ్చిచ్చాను. తొడుక్కుని, పట్టీలు బిగించి, రెండు చేతులూ వల విసిరినట్టు ఊపి చూసుకున్నాడు.

సరిగ్గా ఆయన కొలతే.

జనవరి 12, సోమవారం

పొద్దున్నే కట్ట మీదికి వెళ్ళాం. నీళ్ళ మీద మంచు. కాక కనిపించలేదు గానీ, చెరువు నడుమ నారింజరంగు చుక్క ఒకటి మెల్లగా కదులుతోంది. నీళ్ళు 18 డిగ్రీలు.

బాబు కర్ర తెచ్చుకుంటానన్నాడు. పదకొండు దాకా ఆగమన్నాను.